యాభై నాలుగో రూలు

బహ్రెయిన్‌లో జూన్ మధ్య నుంచి సెప్టెంబర్ మధ్య దాకా, మధ్యాహ్నం పన్నెండు నుంచి నాలుగింటి వరకు ఎండలో ఎవరితోనూ పని చేయించకూడదని సర్కారు రూలు. మంచి రూలే, దాన్ని నేనేమీ అనను. కానీ మా ఇంట్లో మిగతా రూల్సన్నీ పుట్టడానికి మాత్రం ఆ ఒక్క రూలే కారణం.

ఆ మూడు నెలలూ మా కంపెనీ తెల్లవారుజామున నాలుగున్నరకు డ్యూటీ మొదలుపెట్టి పదకొండున్నరకు ఖలాస్ చేస్తుంది. పన్నెండు దాటేసరికి ఇంట్లో ఉంటాం. స్నానం, అన్నం, ఒక కునుకు అన్నీ అయ్యాక కూడా బోలెడంత పగలు మిగిలిపోతుంది. పదహారు మంది మగవాళ్ళం, చేతిలో పని లేకుండా, ఒకే కప్పు కింద. చలికాలంలో అయితే పక్కవాడు గురక పెట్టినా ఎవడికీ వినపడదు, అంత అలసిపోయి ఉంటాం. ఎండాకాలంలో మాత్రం ఎవడి చెప్పులు ఎక్కడున్నాయో అందరికీ కనిపిస్తుంది. సాయంత్రానికి చెప్పుల మీద ఒక రూలు వస్తుంది.

ముహర్రక్ పాత బజారు వెనక సందులో కంపెనీ మా కోసం అద్దెకు తీసుకున్న పాత ఇల్లు అది. కింద మూడు గదులు, మిద్దె మీద ఒక గది. విమానాశ్రయం పక్కనే కాబట్టి విమానం వస్తుంటే మాట మధ్యలో ఆపి, అది పోయాక మళ్ళీ అక్కడి నుంచే అందుకోవడం మాకందరికీ అలవాటైపోయింది. అందరం జగిత్యాల చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళమే. మా దిక్కు ఊరూరా ఒక కమిటీ ఉంటుంది. సర్పంచ్ వేరు, కమిటీ వేరు. చెరువులో చేపలు ఎవరు పట్టాలి, ఎవరి మీద తప్పు, అంటే జరిమానా, వెయ్యాలి, ఎవరిని వెలి పెట్టాలి, అన్నీ అదే చూసుకుంటుంది. సముద్రం దాటేటప్పుడు మేము తొక్కు సీసాలతో పాటు ఆ కమిటీని కూడా మూటగట్టుకుని వచ్చాం.

మా ఇంటి పెద్దమనిషి రాజనర్సు అన్న. ఇరవై మూడేళ్ళ నుంచి ఇక్కడే ఉన్నాడు. కోపం ముక్కు మీదే ఉంటుంది కానీ ఎవరికి జ్వరం వచ్చినా జావ కాచేది ఆయనే. నేను, పరశురాంని, ఆయన రాతగాణ్ణి. పగలు ప్లాస్టరింగ్ మేస్త్రీని, మధ్యాహ్నం మాత్రం ఆకుపచ్చ అట్ట రిజిస్టర్‌లో రూల్స్ రాసేవాణ్ణి. నా దస్తూరీ బాగుంటుంది. ఆ సంగతి నాకు తెలుసు, నలుగురూ అనాలని కూడా ఉంటుంది. మొదట్లో నాలుగే రూల్స్. గ్యాస్ ఆపాలి, చెప్పులు బయట విడవాలి, బాత్‌రూంలో పది నిమిషాలు దాటకూడదు, ఒకరి తిండి ఇంకొకరు తినకూడదు. పోయిన జూన్ నాటికి యాభై మూడయ్యాయి. పంతొమ్మిదోది తినేటప్పుడు ఫోన్ పట్టుకోకూడదని. ముప్పై ఏడోది అన్నం దగ్గర ఎవరూ తమ ఊరి సర్పంచ్‌ మాట ఎత్తకూడదని. నలభై ఒకటోది రెండింటి నుంచి మూడింటి దాకా పైకి వినపడేలా నవ్వకూడదని. తప్పు చేస్తే గిన్నెలు తోమాలి, బాత్‌రూం కడగాలి, నీళ్ళ క్యాన్లు మొయ్యాలి.

నేను వాటిని చూసి గర్వపడేవాణ్ణి. ఈ మాట ఇప్పుడు చెప్పడానికి సిగ్గుగా ఉంది, అయినా నిజం అదే.

రోజూ ఒకటిన్నరకు ఊళ్ళో ఉన్న నా భార్య కళకు ఫోన్ చేసేవాణ్ణి. అక్కడ అప్పటికి నాలుగవుతుంది. అత్తకు చాయ్ పోసి, తనూ గ్లాసు పట్టుకుని అరుగు మీద కూర్చునేది. నేను మాటల మధ్యలో కాస్త ఊరుకున్నానంటే చాలు, "ఉన్నవా?" అని అడిగేది. నేను ఇక్కడికి వచ్చినప్పటి నుంచి, పద్నాలుగేళ్ళుగా ఇదే వరస. సిగ్నల్ బాగానే ఉందిలే, చెప్పు, అని నేను ఆటపట్టించేవాణ్ణి. కొత్తగా పెద్ద ఫోన్ కొనిచ్చాక కూడా ఆమె ఆ అలవాటు మానలేదు.

దేవేందర్ జూన్ రెండో వారంలో వచ్చాడు. ముప్పై ఏళ్ళుంటాయి, పరంజీ కట్టే పని. వచ్చిన రోజే మూడు రూల్స్ తప్పి మూడుసార్లు గిన్నెలు తోమాడు. మర్నాడు రిజిస్టర్ అడిగి తీసుకుని మొదటి పేజీ నుంచి చివరి దాకా చదివాడు. రాసిన నేను కాక ఆ పుస్తకాన్ని పూర్తిగా చదివిన మొదటి మనిషి అతనే. నాకు ముచ్చటేసి, ఎట్లుంది అని అడిగాను. అక్షరాలు బాగున్నాయన్నాడు.

శుక్రవారం సెలవు. ఆ రోజు పొద్దున పదింటికి మా ఇంట్లో మీటింగ్ జరుగుతుంది. దేవేందర్ లేచి, ఈ ఇంటికి మూడు రూల్స్ చాలన్నాడు. ఒకని మీద చెయ్యి వెయ్యొద్దు, ఒకని సామాన్ ముట్టొద్దు, ఇచ్చిన మాట తప్పొద్దు. మిగతావన్నీ ఎవరికి వాళ్ళు మాట్లాడుకుంటే తేలిపోతాయట. అందరం నవ్వాం. అప్పుడింకా పదిన్నరే కాబట్టి నవ్వడానికి అడ్డు లేదు.

అతను మాత్రం వెనక్కి తగ్గలేదు. "అమెరికాల కొంతమంది గిట్లనే అనుకున్నరట," అన్నాడు. "సర్కారు ఎంత చిన్నగుంటె మనిషికి అంత మంచిదని వాళ్ళ నమ్మకం. దేశం మొత్తాన్ని మార్చుడు మనతోని కాదు, ఒక్క చిన్న రాష్ట్రం చూసుకుందాం, మనసొంటోళ్ళందరం ఆడికే పోయి ఉందాం, ఆడ మన మాట నడుస్తది అనుకున్నరు. పోయిన్రు కూడ."

"పోయినంక ఏమైంది?" అని రాజనర్సు అన్న అడిగాడు.

"ఇంక లొల్లి నడుస్తనే ఉన్నదట," అని దేవేందర్ ఉన్న మాట చెప్పేశాడు. "నాకు రాష్ట్రమేం వద్దన్నా. మిద్ది మీది రూం ఇస్తె చాలు."

మిద్దె మీది గదిలో పాత సూట్‌కేసులు పెట్టుకునేవాళ్ళం. చుట్టూ ఎండే. ఏసీ ఉంది కానీ ట్రాక్టర్ అంత చప్పుడు చేస్తుంది. నేను రాజనర్సు అన్న చెవిలో, ఇచ్చేద్దాం, రెండు రోజుల్లో తనే దిగొస్తాడు అన్నాను. ఆయనకూ ఆ మాట నచ్చింది. పై గదికి రిజిస్టర్ వర్తించదు, వాళ్ళు కిందికి వచ్చినప్పుడు మాత్రం కింది రూల్స్ పాటించాలి అని నేనే అందంగా రాసి ఇచ్చాను. దేవేందర్ తన మూడు రూల్స్‌ను సుద్దతో పై గది తలుపు మీద రాసుకున్నాడు. దస్తూరీ ఏమంత బాగాలేదు.

అతని వెనకాల పరుపు చుట్టుకుని మొదట మెట్లెక్కింది ఎవరో కాదు, నా బామ్మర్ది స్వామి.

స్వామి కళకు సొంత తమ్ముడు, షట్టరింగ్ కార్పెంటర్. ఆరేళ్ళుగా నా పై మంచం మీద పడుకునేవాడు. పని దగ్గర నా ఫ్లాస్కులో చాయ్ ఇద్దరం తాగేవాళ్ళం. ఎందుకు పోతున్నావురా అని అడిగితే, "బావా, నాకు నవ్వొచ్చినప్పుడు నవ్వాలనిపిస్తది, గంతె," అన్నాడు. నాకు ఎక్కడో కలుక్కుమంది. పైకి మాత్రం, పో పో, ఎండ రుచి తెలుస్తుంది అన్నాను.

వాళ్ళు దిగి రాలేదు. వారం తిరిగేసరికి పైన ఐదుగురయ్యారు. ఏసీ గురించి కొట్టుకుంటారని నేను ఎదురుచూశాను. చలి ఓర్చుకోగలవాడు దాని కింద, ఓర్చుకోలేనివాడు తలుపు దగ్గర పడుకున్నారు, అంతే. స్వామి పుట్టీ ఖాళీ బకెట్లలో మట్టి నింపి, నీళ్ళ ట్యాంకు నీడలో పుంటికూర, అదే గోంగూర, విత్తనాలు చల్లాడు. మిద్దె మీద మొక్కలు వద్దని మాకు ఇరవై తొమ్మిదో రూలు ఉంది. ఆ రూలు మెట్ల దగ్గరే ఆగిపోయింది. రెండింటికి పై నుంచి నవ్వులు వినపడేవి. కింద మేము పదకొండు మందిమి కళ్ళు మూసుకుని వాటిని వింటూ పడుకునేవాళ్ళం.

అంతా సవ్యంగా ఉందని కాదు. వాళ్ళ మెట్లు మూడు వారాలు ఎవరూ ఊడవలేదు. నేను ఊడుస్తానని ఎవడూ మాట ఇవ్వలేదు కాబట్టి మాట తప్పినవాడూ లేడు. దుమ్ము అట్టలు కట్టింది. అది చూసి నాకు ఎంత సంతోషమేసిందో చెప్పలేను.

జూలై రెండో వారంలో ఆ బకెట్ల మట్టే మిద్దె మీది తూముకు అడ్డం పడింది. ట్యాంకు నుంచి పొర్లిన నీళ్ళు నిలిచి, కప్పు నాని, సరిగ్గా రాజనర్సు అన్న మంచం పక్కన కారాయి. అక్టోబర్‌లో సెలవు మీద ఊరికి తీసుకుపోదామని ఆయన కట్టుకున్న కార్టన్‌లో రెండు కొత్త దుప్పట్లు తడిసి ముద్దయ్యాయి. స్వామి పరుగున వచ్చాడు. తూము శుభ్రం చేశాడు, దుప్పట్లు ఉతికి మిద్దె మీద ఆరేశాడు, తన పరుపు తెచ్చి ఆయన మంచం మీద వేశాడు. బహ్రెయిన్ ఎండకు దుప్పట్లు గంటలో ఆరిపోయాయి. రాజనర్సు అన్న కోపం ఆరలేదు.

ఇరవై తొమ్మిదో రూలు ప్రకారం పది రోజులు బాత్‌రూం కడగమన్నాడు. స్వామి తల అడ్డంగా ఊపాడు.

"తడిపిన, ఆరబెట్టిన. ఇంకేమన్న ఖరాబైతె చెప్పు, బాగుజేస్త," అన్నాడు. "తప్పు మాత్రం కట్టనన్నా. ఆ రూలు నా మీద లేదు. బావనే రాసిచ్చిండు."

అందరూ నా వైపు చూశారు. నేను రాసిన కాగితమే నాకు అడ్డం తిరిగిందని నాకు ఉడుకుమోత్తనం వచ్చింది. ఆ మధ్యాహ్నమే రాజనర్సు అన్న పై గది ఐదుగురినీ వెలి అన్నాడు. తప్పు కట్టి కిందికి వచ్చేదాకా వాళ్ళతో ఎవరూ మాట్లాడరాదు. నేను రిజిస్టర్ తెరిచి యాభై నాలుగు అని అంకె వేసి రాశాను. ఆయన చెప్పింది అంతవరకే. మా ఊళ్ళ కమిటీల్లో ఇంకో వాక్యం కూడా ఉంటుంది, అది లేకపోతే వెలి నిలబడదు. వెలి ఉన్నవాళ్ళతో మాట్లాడినవాళ్ళకు కూడా వెలి వర్తిస్తుంది. ఆ వాక్యం నేనే సొంతంగా కలిపాను. కింద గీత కూడా గీశాను.

మొదటి రెండు రోజులు సరదాగానే ఉంది. వెలిలో కూడా అవసరాలు ఆగవు కాబట్టి మా వాళ్ళంతా గోడలతో మాట్లాడటం మొదలుపెట్టారు. మా గదిలో ఉండే ముత్తన్న మెట్ల దగ్గర నిలబడి, "ఓ గోడా, ఉప్పు ఒడిసింది, ఎవలన్న బజారుకు పోతె తెమ్మను," అనేవాడు. పై నుంచి ఉప్పు ప్యాకెట్ దిగేది. నేను కూడా బస్సులో కిటికీ అద్దంతో, ఈ రోజు గాలి లేదు, నీళ్ళు ఎక్కువ తాగాలి అన్నాను. వెనక సీట్లో స్వామి సీసా మూత తీసిన చప్పుడు వినపడింది. ఫ్లాస్కు మూతలో చాయ్ పోసి, అలవాటు కొద్దీ రెండో కప్పు కూడా నింపేశాను. అది చల్లారాక ఇసుకలో పారబోశాను.

మూడో రోజు ఒకటిన్నరకు కళకు ఫోన్ చేశాను. ఎత్తింది, అన్నం తిన్నావా అని కూడా అడగలేదు.

"స్వామితోని నేను రోజు మాట్లాడుత," అంది. "ఇయ్యాల పొద్దుగాల కూడ మాట్లాడిన. నీ రిజిస్టర్ల ఏం రాసినవో వాడు ఫోటో తీసి నాకు పంపిండు. సదివిన. నీ దస్తూరీ మంచిగనే ఉన్నది. నీ రూలు ప్రకారం నేను కూడ వెలినే కద. నాతోని మాట్లాడితె నువ్వు కూడ వెలి అయితవ్. నీకెందుకు గంత కష్టం. పెట్టేస్తున్న."

పెట్టేసింది. నేను నవ్వుకున్నాను, ముత్తన్నకు చెప్పి మళ్ళీ నవ్వాను. మర్నాడు చేస్తే ఎత్తలేదు. ఆ మర్నాడు కూడా ఎత్తలేదు. ఆ తర్వాతి రోజు మా బిడ్డ మల్లిక ఎత్తింది. డిగ్రీ చదువుతోంది, నా మీద అరిచే చనువు ఉన్న పిల్ల. ఆ రోజు మాత్రం మెల్లగా మాట్లాడింది. నేను అమ్మతో మాట్లాడుతున్నాను కదా బాపూ, మరి నాతో నువ్వు మాట్లాడొచ్చా అని అడిగింది. నేను జవాబు వెతుక్కునేలోపే, వద్దులే, నీకు ఇబ్బంది అని అదీ పెట్టేసింది. మా అమ్మ రాములవ్వను పిలవమందామనుకున్నాను. ఆమె రోజంతా కోడలితో, మనవరాలితో మాట్లాడుతూనే ఉంటుంది.

ఆ మధ్యాహ్నం పడుకుని లెక్క వేసుకున్నాను. అమ్మ వెలి. అమ్మ పాలు తెచ్చే ఇల్లు వెలి. అమ్మ ఆకు వక్క కొనే కొట్టు చిన్నవ్వది, ఆమె వెలి. ఆ కొట్టుకు రానివాళ్ళు మా ఊళ్ళో లేరు. నా యాభై నాలుగో రూలు బహ్రెయిన్ నుంచి బయలుదేరి వారం తిరగకముందే మా ఊరంతా చుట్టేసింది. ఇక నేను ధైర్యంగా మాట్లాడదగిన మనుషులు ఈ భూమ్మీద ఈ ఇంట్లో ఉన్న పదిమందే. వాళ్ళతో మాట్లాడాలని నాకు పెద్దగా లేదు.

రోజులు గడిచాయి. ఒకటిన్నర అయితే చెయ్యి దానంతట అదే ఫోన్ మీదకి పోయేది. మోగి మోగి ఆగిపోయేది. ఆమె మొండిది అనుకున్నాను, నేనూ మొండివాణ్ణే అనుకున్నాను. ఇంటి పెద్ద రాతగాడు ఆడమనిషి మాటకు రూలు కొట్టేశాడంటారని భయపడ్డాను కూడా. మధ్యాహ్నాలు ఎంత పొడుగ్గా ఉంటాయో నాకు అప్పుడే తెలిసింది. కొత్త రూలు ఒక్కటీ తట్టలేదు. రాజనర్సు అన్న రెండుసార్లు ఏదో రాయమన్నాడు, తలనొప్పిగా ఉందన్నాను. ఆమె గొంతు వినక పద్దెనిమిది రోజులయ్యాయి. నాకు బెంగగా ఉంది, పిల్లవాడిలా బెంగగా ఉంది.

పంతొమ్మిదో రోజు గురువారం. సీఫ్‌ ఏరియాలో కడుతున్న టవర్ దగ్గర పొద్దున ఎనిమిదింటికి చాయ్ బ్రేక్. సిమెంటు బస్తాల నీడలో స్వామి నాకు నాలుగు అడుగుల దూరంలో, అటు తిరిగి కూర్చున్నాడు. నేను రెండు కప్పులు పోశాను. ఒకటి తీసుకెళ్ళి వాడి ముందు పెట్టాను.

"తాగు," అన్నాను.

వాడు కప్పు వైపు చూశాడు, నా వైపు చూశాడు, తీసుకుని తాగాడు. అక్క ఎట్లుందని అడిగాను. బాగానే ఉందన్నాడు. నా మీద అంత కోపమెందుకురా, ఇది మగవాళ్ళ ఇంట్లో ఏదో ఆటలాంటిది, అంతే కదా అన్నాను.

"అక్కకు ఆట కాదు బావా," అన్నాడు స్వామి. "నాకు నాలుగేండ్లు, అక్కకు తొమ్మిది. మా బాపు చెరువు కాడ కమిటీ మాట కాదన్నడు. రెండు నెలలు వెలి పెట్టిన్రు. నాకేం యాదికి లేదు, అక్కకే యాదికున్నది. బడిల ఆమె పక్కన ఎవ్వలు కూసోకపోయేది. ఒక్క సోపతి పిల్ల మాత్రం బడి ఇడిసిపెట్టినంక మా పెరటి గోడకు అటుదిక్కు అచ్చి నిలవడేదట. మాట్లాడితె తప్పు పడతది కద, అందుకని మాట్లాడకపోయేది. అక్క ఇటుదిక్కు నిలవడి 'ఉన్నవా' అని అడిగేదట. ఆ పిల్ల గోడ మీద రెండుసార్లు కొట్టేదట. గంతె. రోజు గదే ముచ్చట."

పద్నాలుగేళ్ళుగా సిగ్నల్ ఉందని ఆటపట్టించిన మనిషిని నేనే. వాళ్ళింట్లో ఎప్పుడో ఏదో గొడవ జరిగిందని పెళ్ళప్పుడు విన్నాను, అదేమిటో అడగాలని ఎప్పుడూ అనిపించలేదు. ఫోర్‌మన్ యల్లా యల్లా, లేవండి లేవండి అని అరిచేదాకా లేవలేదు.

మర్నాడు శుక్రవారం. పదింటికి మీటింగ్‌లో అందరూ ఉన్నారు, వెలి ఉన్న ఐదుగురు మెట్ల మీద కూర్చున్నారు. మెట్లు ఊడిచి ఉన్నాయని అప్పుడే గమనించాను. నేను రిజిస్టర్ తెరిచి యాభై నాలుగో రూలు పైకి చదివాను. నిన్న పొద్దున స్వామితో మాట్లాడాను కాబట్టి నేను కూడా వెలి అని చెప్పాను. ముత్తన్న కిసుక్కున నవ్వి, తాను ఉప్పు కోసం గోడతో మాట్లాడింది లెక్కలోకి రాదు కదా అన్నాడు. రాజనర్సు అన్న నవ్వలేదు. ఒక్కడివే కదా, నువ్వు కూడా తప్పు కట్టు, అయిపోతుంది అన్నాడు.

"ఒక్కన్ని కాదన్నా," అన్నాను. "కళ రోజు స్వామితోని మాట్లాడుతది. మా అవ్వ కళతోని మాట్లాడుతది. మా అవ్వ పొద్దున మాపున చిన్నవ్వ కొట్టుకు పోతది. చిన్నవ్వ నీ సొంత అక్క. నిన్న గురువారం. నువ్వు ఆమెతోని మాట్లాడినవా?"

చిన్నవ్వ రాజనర్సు అన్నను చిన్నప్పుడు ఎత్తుకుని పెంచింది. గురువారం గురువారం ఆమెతో మాట్లాడనిదే ఆయన అన్నం ముట్టడు. ఆ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు.

ఆయన ఏదో చెప్పడానికి నోరు తెరిచాడు. అప్పుడే విమానం వచ్చింది. చాలా కిందుగా, కిటికీ అద్దాలు అదిరేలా వచ్చింది. అందరం ఎప్పటిలాగే ఆగాం. అది పోయాక కూడా ఎవరూ మాట్లాడలేదు. రాజనర్సు అన్న నేల వైపు చూస్తూ కూర్చున్నాడు. తర్వాత నా వైపు చెయ్యి చాపాడు.

"పెన్ను ఇటియ్యి," అన్నాడు.

తనే గీత గీశాడు. నేను కింద గీసిన గీత మీంచి, అక్షరాల మీంచి, మొత్తం అడ్డంగా గీశాడు. రిజిస్టర్ నా ఒళ్ళో పెట్టి లేచి జావ గిన్నె కడగడానికి పోయాడు.

ఆ తర్వాత జరిగింది ఇక్కడే చెప్పేస్తాను. ప్రతి శుక్రవారం ఎవరో ఒకరు ఒక రూలు చదివి, ఇది ఎందుకు ఉంది అని అడగడం మొదలైంది. జవాబు దొరకనివాటిని కొట్టేశాం. నవ్వు మీది రూలు మొదట పోయింది. సర్పంచ్ మీది రూలు ఉంచమని రాజనర్సు అన్న పట్టుబట్టాడు, తర్వాత ఆయన ఊరి సర్పంచ్ మీదే ఆయనకు కోపం వచ్చి, తిట్టడానికి వీలుగా కొట్టేయించాడు. పై గదివాళ్ళు తలుపు మీద మెట్ల గురించి నాలుగో రూలు రాసుకున్నారు. దేవేందర్ నా దగ్గరికి వచ్చి, అన్నా, అది నువ్వు రాయవా, నా అక్షరాలు ఎవరికీ అర్థం కావటం లేదు అన్నాడు. రాసిచ్చాను. సెప్టెంబర్ మధ్యలో మళ్ళీ పూర్తి డ్యూటీలు మొదలయ్యేనాటికి కింద ఏడు, పైన నాలుగు మిగిలాయి. రెండూ కలిపెయ్యొచ్చు కదా అని దేవేందర్ అడిగితే, మరీ అంత తొందరొద్దన్నాడు రాజనర్సు అన్న. అక్టోబర్‌లో సెలవు మీద వెళ్తూ ఆయన ఆ రెండు దుప్పట్లలో ఒకటి స్వామికి ఇచ్చి వెళ్ళాడు.

గీత గీసిన ఆ శుక్రవారం మధ్యాహ్నం అన్నం అందరం ఒకేచోట తిన్నాం. ఐదుగురూ కిందికి దిగారు. స్వామి బకెట్లలో పుంటికూర మొదటిసారి కోతకు వచ్చింది, పప్పులో వేశారు. నేను గోడకు ఆనుకుని కూర్చున్నాను. ఒకటిన్నర అయింది. అన్నం కంచం పక్కన పెట్టి ఫోన్ చేశాను.

మూడోసారికి ఎత్తింది. ఊపిరి మాత్రం వినపడుతోంది.

"కొట్టేసినం," అన్నాను.

"ఎవలు?"

"రాజనర్సు అన్న. పెన్ను నాదే."

"స్వామి ఏడున్నడు?"

"నా పక్కనే. పప్పు పోసుకుంటున్నడు."

అరుగు మీద గ్లాసు పెట్టిన చప్పుడైంది. ఏం పప్పు అని అడిగింది. పుంటికూర పప్పు, మిద్దె మీదిది, మీ తమ్ముడు పెంచిందే అని చెప్పాలనుకున్నాను. మాట రాలేదు. పదిహేను మంది ముందు ఏడవడం ఇష్టం లేక తల వంచుకున్నాను.

"ఉన్నవా?" అంది కళ.

మాట ఇంకా రాలేదు. నేను ఫోన్‌ను వీపు వెనక గోడకు దగ్గరగా పెట్టి, వేలి కణుపులతో గోడ మీద రెండుసార్లు కొట్టాను.

పెట్టేసిందేమోనని భయపడి చూశాను, ఫోన్ మీద కాల్ అంకెలు నడుస్తూనే ఉన్నాయి.

"వాడు చెప్పిండా?" అంది చివరికి.

"చెప్పిండు."

"వాని నోరు ఆగదు," అంది. "సరె, తిను. సల్లారిపోతది."

తినేటప్పుడు ఫోన్ పట్టుకోకూడదనే పంతొమ్మిదో రూలు అప్పటికింకా బతికే ఉంది. ఎదురుగా కూర్చున్న రాజనర్సు అన్న చూశాడు. చూసి, తొక్కు సీసాను నా వైపు జరిపాడు. నేను ఫోన్‌ను దానికి ఆనించి నిలబెట్టి, అన్నం కలుపుకున్నాను. ఆమె పెట్టెయ్యలేదు, నేనూ పెట్టెయ్యలేదు.